పదిహేడేళ్ల నోటిదురుసు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో రాత్రి పదిన్నర దాటాక వచ్చేవి రెండే రకాలు. రేపు నీళ్లు రావన్న కబురు, ఎవరి కారో ఎవరి జాగాలో పెట్టారన్న తగువు. ఆ రాత్రి మాత్రం ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది.

పోచారంలో మా ఇంటి నుంచి అన్నోజిగూడ పోయే దారిలో ఒక సెలూన్ ఉంది. అందులో మిజోరం నుంచి వచ్చిన అమ్మాయి పనిచేస్తుంది. కొత్తగా నేర్చుకున్న తెలుగుతో చిన్న చిన్న రీల్స్ పెడుతుంటుంది. "అన్నా, ఉత్త కటింగేనా, హెడ్ మసాజ్ గూడ చేయాల్నా?" అని అద్దంలోంచి అడిగే అరనిమిషం వీడియో అది. కింద అంతా మెచ్చుకోళ్లే. "మా బామ్మర్దికన్నా మంచిగ మాట్లాడుతున్నవ్ చెల్లె" అని ఒకాయన. ఆ వరసలో ఒక కామెంటు: "చింకీ, కుక్కల్ని తినే చేతులతో మా తల ముడుతవా? నీ చైనాకు పో." పక్కన మూడు నవ్వు బొమ్మలు.

ఖాతా పేరు అంకెల గజిబిజిగా ఉంది కానీ ఫొటో చూడగానే అందరికీ తెలిసిపోయింది. మా సి బ్లాక్ పిల్లాడే. ఇంటర్ సెకండియర్. లిఫ్టులో కనబడితే సంచి అందుకుని "నమస్తే అంకుల్" అంటాడు.

పావుగంటలో గ్రూపు రెండుగా చీలింది. ఇన్ఫోసిస్‌లో పనిచేసే ఒకమ్మాయి, "కాలేజీకి పంపుదాం, పోలీసులకు ట్యాగ్ చేద్దాం, పేరు దాచాల్సిన పనేముంది? అతను దాచాడా?" అని రాసింది. "పోరడు, తెల్వక రాసిండు, పోనియ్యుండ్రి" అని కింది అంతస్తు పెద్దాయన. అర్ధరాత్రి దాటాక తండ్రి మెసేజ్ వచ్చింది: "సార్, వాడికి ఎంసెట్ ఉంది. దయచేసి అందరూ డిలీట్ చేయండి." పరీక్ష పేరు మారింది, భయం మాత్రం పాత పేరుతోనే ఉంది. ఆ మెసేజ్‌లో కొడుకు ఉన్నాడు, పరీక్ష ఉంది. ఆ అమ్మాయి లేదు. నాకు అది ముల్లులా గుచ్చుకుంది. అయినా మరుక్షణం, నా కొడుకే అయితే నేను మొదట ఏం రాసేవాణ్ని అని కూడా అనిపించింది.

ఆ మాట వాడికి ఎక్కడిదో వెతకడానికి చైనా దాకా పోనక్కర్లేదు. వరంగల్ రోడ్డు మీద మేడిపల్లి, బోడుప్పల్ దాటితే ఉప్పల్ స్టేడియం. 2013, 2014 సీజన్లలో అక్కడి సన్‌రైజర్స్ జట్టుకు డారెన్ సామీ ఆడాడు. అంతకుముందే, 2012లో, వెస్టిండీస్‌కు టీ20 ప్రపంచకప్ తెచ్చిన కెప్టెన్. జట్టులో అతన్నీ, శ్రీలంక ఆటగాడు తిసారా పెరెరానూ "కాలూ" అని పిలిచేవారు. బలమైన గుర్రం అని అర్థం కాబోలు అనుకుని తనూ నవ్వేవాడట. 2020 జూన్‌లో, అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాతి రోజుల్లో, ఒక టీవీ కార్యక్రమం చూస్తుంటే ఆ మాటకు అసలు అర్థం తెలిసింది. ఆ పిలుపు ఉత్త నోటిమాటే అని తోసేయడానికీ లేదు, 2014 మేలో ఒక సహ ఆటగాడు పెట్టిన ఇన్‌స్టాగ్రామ్ ఫొటో కింద ఆ పదం రాసే ఉంది.

సామీ ఎవరి పేరూ బయటపెట్టలేదు. నన్ను అలా పిలిచింది ఎవరో మీకే తెలుసు, నాతో మాట్లాడండి అన్నాడు. ఒకరు మాట్లాడారు. ప్రేమతోనే అన్నానని ఆ ఆటగాడు చెప్పాడని, తను నమ్మానని, ఇక తప్పు పట్టుకు కూర్చోకుండా నలుగురికీ తెలియజెప్పే దారి చూస్తామని సామీ ప్రకటించాడు. కథ అక్కడితో ముగిసింది.

పెద్దమనిషి తీరు, కాదనను. కానీ సామీ పిలిస్తే ఫోన్లు మోగుతాయి. అన్నోజిగూడ సెలూన్‌లో రోజుకు పది గంటలు నిలబడి కత్తెర పట్టే అమ్మాయి "మీరెవరో మీకు తెలుసు, నాతో మాట్లాడండి" అంటే ఎవరు మాట్లాడతారు? బలం లేనివాడికి స్క్రీన్‌షాటే సాక్ష్యం, అదే పంచాయితీ. పేరు బయటపెట్టాలనేవాళ్ల వాదనలో నాకు గట్టిగా తోచేది ఇదే.

మన మీదికి వచ్చినప్పుడు మనమూ అదే అడిగాం. 2013 సెప్టెంబర్ 15న, విజయవాడ మూలాలున్న నీనా దావులూరి మిస్ అమెరికా అయింది. ఆ కిరీటం పొందిన మొదటి భారత సంతతి అమ్మాయి. గంట తిరక్కముందే ట్విట్టర్‌లో ఆమెను అరబ్బన్నారు, టెర్రరిస్టన్నారు, సెవెన్ ఇలెవెన్ కొట్టు పిల్ల అన్నారు. వెబ్ పత్రికలు ఆ ట్వీట్లను ఏరి వరసగా వేశాయి. విజయవాడలో, హైదరాబాద్‌లో వాటిని చదివి పళ్లు కొరికినవాళ్లలో నేనూ ఒకణ్ని. రాసినవాళ్ల వయసెంత అని అప్పుడు నేను అడగలేదు. ఆ వారమే ఇంకో ప్రశ్న కూడా మన దగ్గర నలిగింది: ఆ రంగుతో ఈ పిల్ల ఇక్కడి అందాల పోటీలో గెలిచేదా? జవాబు అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ గట్టిగా చెప్పలేదు. పెళ్లిచూపుల ఫొటో పంపేటప్పుడు "కొంచెం చామనఛాయ, అంతే" అని ముందే సంజాయిషీ రాసుకునే ఇళ్లు మనవి.

మహమ్మద్ సిరాజ్ సంగతి చూడండి. హైదరాబాద్ కుర్రాడు, తండ్రి ఆటో నడిపాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర నిలబడి, ప్రేక్షకులు తిడుతున్నారని అంపైర్లకు చెప్పినప్పుడు మన ఊరంతా అతని వెనక నిలబడింది. తండ్రి పోయి రెండు నెలలు కాలేదు, అంత్యక్రియలకైనా రాలేకపోయాడు. అదే సిరాజ్ 2019 ఐపీఎల్ గురించి తర్వాత చెప్పిన మాట వేరు. అప్పుడు ఆట బాగాలేకపోతే, పోయి నీ బాపుతో ఆటో నడుపుకో అని రాసినవాళ్లు సిడ్నీవాళ్లు కారు. వాళ్లలో ఎందరికి మీసాలు వచ్చి ఉంటాయో నాకు అనుమానమే.

"పిల్లల మాటలే కదా" అనేవాళ్లకు ఇక్కడ జవాబు చెప్పాలి. మాట మాటగా ఆగదు. 2014 జనవరిలో ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో అరుణాచల్ కుర్రాడు నీడో తానియా జుట్టును చూసి దుకాణంలో ఎగతాళి చేశారు. అక్కడ మొదలైన గొడవ అతని చావుతో ఆగింది. ఆ తర్వాత వేసిన బెజ్‌బారువా కమిటీ, జాతి పేరుతో చేసే ఇలాంటి అవమానాలకు విడిగా శిక్ష ఉండేలా చట్టం మార్చమంది. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినా ఆ సెక్షన్ రాలేదు. అంతకుముందే 2012లో, ఈశాన్య రాష్ట్రాల ఎస్సీ, ఎస్టీలను అవమానిస్తే అట్రాసిటీ చట్టం వాడమని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు రాసింది. రాసిన కాగితం సెలూన్ దాకా నడిచి రాదు. ఆ అమ్మాయి పోలీస్ స్టేషన్‌కు పోవాలంటే ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి, యజమానికి చెప్పాలి, అద్దెకిచ్చినాయన "ఏం గొడవమ్మా" అంటే నచ్చజెప్పాలి. చట్టం అంత దూరాన ఉన్నప్పుడు గ్రూపులో నలుగురి ముందు సిగ్గుపడేలా చేయడమే చేతికందే న్యాయం. అలా చేసేవాళ్లను ఉత్తి గుంపు అని నేను అనలేను.

అయినా ఆ రాత్రి నేను "పంపండి" అని రాయలేదు.

ఒలీ రాబిన్సన్ అనే ఇంగ్లండ్ బౌలర్ 2021 జూన్ 2న లార్డ్స్‌లో తొలి టెస్టు ఆడాడు. ఆ పొద్దున వివక్షకు వ్యతిరేకంగా జట్టంతా ఒకే టీషర్టు వేసుకుని నిలబడింది, అతనూ నిలబడ్డాడు. సాయంత్రానికి అతని పాత ట్వీట్లు బయటికి వచ్చాయి. 2012, 2013 నాటివి, పద్దెనిమిది పందొమ్మిదేళ్ల వయసులో రాసినవి. ముస్లింల మీద, ఆసియావాళ్ల మీద, ఆడవాళ్ల మీద అసహ్యమైన మాటలు. ఆట ముగియగానే కెమెరాల ముందు తలవంచుకుని క్షమాపణ చదివాడు. ఆ టెస్టులో ఏడు వికెట్లు తీశాడు, టెస్టు ముగిసిన రోజే బోర్డు అతన్ని సస్పెండ్ చేసింది. చివరికి ఎనిమిది మ్యాచ్‌ల నిషేధం తేలింది. అందులో మూడు అప్పటికే అయిపోయాయి, మిగతా ఐదూ రెండేళ్లపాటు నిలిపివేశారు. జరిమానా 3,200 పౌండ్లు. ఆగస్టులో మనవాళ్ల మీదే ఆడి ఐదు వికెట్లు పడగొట్టాడు.

ఈ కథను ఎవరికి కావాల్సినట్టు వాళ్లు చదువుకోవచ్చు. తొమ్మిదేళ్ల కింది మాటకు ఇప్పుడు శిక్షేమిటి అని ఒకరు, దొరక్కపోతే ఎప్పటికీ చెప్పేవాడు కాదు కదా అని ఇంకొకరు. నాకు కనబడింది వేరే. ఆ శిక్షకు ఒక అంకె ఉంది. ఎనిమిది, మూడు, ఐదు. ఎవరు వేశారో తెలుసు, ఎప్పుడు అయిపోతుందో తెలుసు, అప్పీలుకు దారి ఉంది. మా గ్రూపులో ఆ రాత్రి అడిగిన శిక్షకు అంకె లేదు. కాలేజీకి పంపితే అక్కడి నుంచి ఎవరు ఎక్కడికి పంపుతారు? ఆ బొమ్మ రేపు ఇంజనీరింగ్ సీటు దగ్గర, ఎల్లుండి ఉద్యోగం దగ్గర, ఆపైన పెళ్లి సంబంధం దగ్గర తేలుతుంది. వాడు అప్పటికి మారి ఉండొచ్చు, మారకపోవచ్చు. బొమ్మ మాత్రం పదిహేడేళ్ల దగ్గరే ఆగిపోయి ఉంటుంది.

గుంపు గురి తప్పడం కూడా మామూలే. సిడ్నీ గొడవలో క్రికెట్ ఆస్ట్రేలియా విచారణ చేసి, మన ఆటగాళ్లను జాతి పేరుతో తిట్టిన మాట నిజమేనంది. అదే నోట ఇంకో మాట కూడా చెప్పింది: మూడో రోజు ఆ స్టాండ్ దగ్గర మీడియా ఫొటోల్లో, వీడియోల్లో కనబడ్డ ప్రేక్షకులు ఆ పని చేయలేదు. తప్పు జరిగింది, ఫొటోలోని ముఖాలు మాత్రం వేరు. మా గ్రూపు అయినా ఖాతా ఫొటో చూసి పోల్చుకుందే గానీ, ఫోన్ ఎవరి చేతిలో ఉందో ఎవరూ అడగలేదు. తర్వాత రాసింది వాడేనని తేలింది, అది వేరే సంగతి.

మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో 2012 నవంబర్‌లో, బాల్ ఠాక్రే పోయినప్పుడు ముంబై బంద్ ఎందుకని ఒకమ్మాయి ఫేస్‌బుక్‌లో అడిగింది, స్నేహితురాలు లైక్ కొట్టింది. ఇద్దరినీ అరెస్టు చేశారు. అంతటితో పోలేదు, ఆ అమ్మాయి బాబాయి ఆసుపత్రి మీద పడి గుంపు ధ్వంసం చేసింది. ఆమె రాసిందాంట్లో ద్వేషం లేదు, నిజమే. కానీ నలుగురికీ కోపం రావడమే కొలమానం అయినప్పుడు ద్వేషానికీ, నచ్చని మాటకూ తేడా చూసేదెవరు? ఆ కేసు ఊపులో వెళ్లిన వ్యాజ్యం మీదే 2015 మార్చి 24న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు మన కృష్ణా జిల్లా జాస్తి చలమేశ్వర్.

చట్టంలో నన్ను ఎప్పుడూ తికమక పెట్టే విషయం ఒకటుంది. పద్దెనిమిది నిండని పిల్లాడి మీద నిజంగా కేసు పెడితే, 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ వాడి పేరు, ఊరు, బడి ఏదీ బయటపెట్టొద్దంటుంది. బయటపెట్టినవాళ్లకు ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పాత రికార్డు చెరిపేసి కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతుంది. అంటే దొంగతనం చేసి పట్టుబడ్డ పిల్లాడికి తెర ఉంది. కేసు దాకా పోని చెత్త కామెంటు రాసినవాడికి ఏ తెరా లేదు, నూట ఎనభై మంది ఉన్న గ్రూపులో బొమ్మ వేలాడుతుంది. కాబట్టి కేసే పెట్టాలనడం నా ఉద్దేశం కాదు. పెద్దలు చాలా ఆలోచించి కట్టిన తెర ఒకటి ఉన్నప్పుడు, దాన్ని చిన్న తప్పు దగ్గర చించి పెద్ద తప్పు దగ్గర కాపాడటం ఏం లెక్క అని.

వయసు మీదే అంతా ఆధారపడుతుందా అంటే, చాలా వరకు అవునంటాను. 2021 అక్టోబర్‌లో, టీ20 ప్రపంచకప్‌లో భారత్ ఓడి, షమీని మతం పేరుతో తిడుతుంటే కోహ్లీ అతని పక్షాన మాట్లాడాడు. అందుకు కోహ్లీ పది నెలల కూతురి మీద నోటితో చెప్పలేని బెదిరింపు ఒకటి ట్విట్టర్‌లో వచ్చింది. ముంబై పోలీసులు వచ్చి పట్టుకెళ్లింది సంగారెడ్డి కుర్రాణ్ని. ఇరవై మూడేళ్లు, ఐఐటీ హైదరాబాద్‌లో చదివినవాడు. అతన్ని "పిలగాడు" అనడానికి నాకు నోరు రాదు. అయినా ఆ కేసు ఎలా ముగిసిందో చూడండి. 2024లో బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది, కోహ్లీ తరఫున ఫిర్యాదు చేసినవాళ్లు సరేనన్నాక. దెబ్బ తిన్న పక్షం ఒప్పుకుంది కాబట్టి ముగిసింది.

సామీ కథలోనూ తలుపు మూసింది దెబ్బ తిన్నవాడే. మా గ్రూపులో మూడు రోజులు, వందలకొద్దీ మెసేజ్‌లు నడిచాయి. కాలేజీ, పోలీసు, ఎంసెట్, పెంపకం, సెల్‌ఫోన్లు, చివరికి అసోసియేషన్ ఎన్నికలు కూడా వచ్చాయి. ఆ అమ్మాయిని ఏమమ్మా, నీకేం కావాలి అని అడిగినవాళ్లు లేరు. శిక్షించమన్నవాళ్లూ అడగలేదు, క్షమించమన్నవాళ్లూ అడగలేదు. తన అవమానం మీద తీర్పు తనను పిలవకుండానే జరిగిపోతోంది.

నా లెక్క ఇది. పద్దెనిమిది లోపు పేరు వీధిలో పడకూడదు. తప్పు మాత్రం చాప కింద పోకూడదు. తెలిసిన నలుగురి మధ్య, తిట్లు తిన్న మనిషి ఎదుట, ఎప్పుడు తీరుతుందో తెలిసే శిక్ష కావాలి. దీనికి ఇన్ఫోసిస్ అమ్మాయి అడ్డం తిరిగింది: "తెలిసిన నలుగురూ అంటే ఎవరంకుల్? వాళ్ల నాన్నా, మీరూ, ప్రెసిడెంట్ గారూ కదా. ముగ్గురూ కలిసి చాయ్ తాగి సర్దేస్తారు." నిజమే, ఎన్నో సర్దేశాం. నేను చదివిన హాస్టల్‌లో ఒక పిల్లాణ్ని కులం పేరుతో పిలిచిన సంగతి వార్డెన్ గదిలో పది నిమిషాల్లో తేలిపోయింది. పిలిచినవాడు క్లాసుకు పోయాడు, పిలిపించుకున్నవాడు నెల తిరక్కుండా ఊరికి పోయాడు. అప్పట్లో స్క్రీన్‌షాట్ ఉండి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. ఆమె మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. "అయితే నువ్వు కూడా రా" అని మాత్రం అన్నాను.

ఆదివారం పొద్దున పోయాం. తండ్రి, పిల్లాడు, ఇన్ఫోసిస్ అమ్మాయి, నేను. సెలూన్‌లో ఇద్దరు గిరాకీలు ఉన్నారు. ఆ అమ్మాయి ఒకాయన మెడ మీద మిషన్ పెట్టి ఉంది. తండ్రి చేతులు జోడించబోతే, "మీరు కాదు సార్" అంది. పిల్లాడు ఫోన్ తీసి చూపించాడు. ముందే రాసుకొచ్చిన క్షమాపణ, మంచి ఇంగ్లీషులో, ఒక పేరా. అందులో "సిన్సియర్లీ" రెండుసార్లు ఉంది. ఎవరో రాసిచ్చారో, ఏ యాప్ రాసిందో.

ఆమె మిషన్ ఆపి చదివింది. ఫోన్ తిరిగిచ్చింది.

"తిట్టింది తెలుగుల కదా? సారీ గూడ తెలుగుల రాయి. ఆడ్నే, ఆ వీడియో కిందనే."

అంతే చెప్పి, గిరాకీ తలను పక్కకు వంచి మళ్లీ మిషన్ ఆన్ చేసింది. పిల్లాడు చేతులు కడిగే సింకు పక్కన నిలబడి రాశాడు. రెండు వాక్యాలకు పది నిమిషాలు పట్టింది. ఒకసారి తండ్రి వంగి చూడబోతే భుజం తిప్పుకున్నాడు. ఏం రాశాడో ఇక్కడ చెప్పను, వీడియో కింద ఉంది.

తిరిగొస్తుంటే ఇన్ఫోసిస్ అమ్మాయి, "ఇది సరిపోతుందంటారా?" అంది. "ఆమె సరిపోయిందన్నదా?" అన్నాను. "సరిపోలేదని కూడా అనలేదు" అంది. గేటు దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

గ్రూపులోంచి ఆ స్క్రీన్‌షాట్‌ను అడ్మిన్ ఆ రాత్రే తీసేశాడు. కానీ అప్పటికే ఎన్ని ఫోన్లలోకి దిగిందో ఎవరికి తెలుసు? నా ఫోన్‌లోనైతే కరెంటు బిల్లుకూ, మనవరాలి ఫొటోకూ మధ్యన ఉంది. ఇది రాయడం అయ్యేదాకా అవసరం పడుతుందని ఉంచుకున్నాను. రాయడం అయిపోయింది. ఇంకా తీయలేదు.